ముందు గింజ, తర్వాత అతిథి, ఆఖర్న చాక్లెట్: ఊరి ఆడవాళ్లు కోకోతో చిన్న వ్యాపారం పెట్టుకోవడం ఎలా

కోకోతో ఏదైనా చేద్దామనుకునే సంఘాలు ఎక్కువగా పనిని తోక వైపు నుంచి మొదలుపెడతాయి. ముందు అచ్చులు కొంటారు, రేపర్ ఏ రంగులో ఉండాలో నెల్లాళ్లు వాదించుకుంటారు, అప్పు చేసి మిషన్ తెస్తారు, తీరా చాక్లెట్ నోట్లో పెట్టుకుంటే నాలుక పట్టుకుపోయేంత వగరు. తప్పు మిషన్‌ది కాదు, గింజ సరిగ్గా పులియలేదు. పులియని గింజను ఆ తర్వాత ఎవరూ బాగుచేయలేరు, ఎంత చక్కెర పోసినా సరే. మా మొదటి బ్యాచ్ సంగతీ అంతే. చుట్టాలకి పంచితే మొహమాటానికి తిన్నారు, రెండో ముక్క మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకే నేను చెప్పే వరస వేరు. ముందు గింజ, తర్వాత అతిథి, నిగనిగలాడే చాక్లెట్ బార్ అన్నిటికన్నా ఆఖర్న. అతిథి మధ్యలోకి ఎందుకొచ్చాడంటే, తోట చూడ్డానికి వచ్చినవాళ్లకి బార్ అక్కర్లేదు కాబట్టి. అప్పుడే వేయించిన గింజ, కళ్లముందు రాతి మీద నూరిన ముద్ద, ఒక కప్పు వేడి కోకో, ఇవి చాలు. వాళ్లు మీ గుమ్మం దగ్గరే కొంటారు, అంటే రవాణా ఖర్చు లేదు, దారిలో కరిగిపోతుందన్న టెన్షన్ లేదు, మధ్యవర్తి లేడు. పైగా నచ్చకపోతే అక్కడికక్కడే వాళ్ల మొహంలో కనిపిస్తుంది, అంతకన్నా నిజాయితీ గల పరీక్ష మీకు ఇంకెక్కడా దొరకదు.

సంఘంలో ఎవరు, డబ్బు ఎవరి పేరున

కాయలు పగలగొట్టడం, గింజలు ఊడదీయడం, పులియబెట్టడం, ఎండలో తిప్పడం, చాలా దేశాల్లో ఈ పనిలో పెద్ద భాగం ఆడవాళ్లదే. అమ్మేటప్పుడు తూకం రసీదు మాత్రం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరున వస్తుంది. సహకార సంఘం కూడా భూమి కాగితం చూసి సభ్యత్వం ఇస్తే పని చేసే చేతులు సగం బయటే ఆగిపోతాయి. కాబట్టి మీరు రాసుకునే మొదటి రూల్ ఇదే కావాలి: సభ్యత్వం పనిని బట్టి, భూమిని బట్టి కాదు. మొదట ఐదుగురు, మహా అయితే ఎనిమిది మంది. పాతిక మందితో మొదలుపెడితే మీటింగులు బాగా జరుగుతాయి, పని జరగదు. బ్యాంకు అకౌంటు సంఘం పేరున తెరవండి, డబ్బు తీయాలంటే కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

ఇక అందరూ చేసే ఒక పొరపాటు. "మన తోట కాయలే కదా" అని గింజల ఖర్చును లెక్కలో వేయరు. మీ ఆయన చెట్ల గింజలైనా సరే, సంఘం వాటిని ఆ రోజు మార్కెట్ రేటుకి కొన్నట్టు రాయాలి, కొనాలి కూడా. మీరు కూర్చుని గింజలు ఒలిచిన గంటలూ ఖర్చే. వాటిని సున్నా అని వేసుకుంటే కాగితం మీద లాభం కనిపిస్తుంది, ఇంటికొచ్చేది ఒళ్లు నొప్పులు. ఒక మామూలు నోటుబుక్కు పెట్టి రోజూ నాలుగు సంగతులు రాయండి చాలు: తేదీ, ఎన్ని కిలోలు, ఎవరు, ఎన్ని గంటలు. మూడు నెలల తర్వాత ధర పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పుస్తకం తీయండి. పక్క సంఘం ఎంతకి అమ్ముతోందో చూసి దానికన్నా కాస్త తక్కువ పెట్టడం ధర పెట్టడం కాదు, వాళ్ల తప్పును మీరూ కాపీ కొట్టడం.

గింజ దగ్గర ఓపిక పట్టండి

పండిన కాయే కోయాలి. రంగు తిరిగాక కోసి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు కదిలిన చప్పుడు వస్తుంది. కాయను చేత్తో మెలిపెట్టి లాగకండి, తొడిమ దగ్గర కత్తితో కోయండి, ఎందుకంటే కోకో పువ్వులు కొమ్మ చివర్న కాకుండా కాండం మీదా ముదురు కొమ్మల మీదా పూస్తాయి, కాయ ఊడిన చోటే మళ్లీ మళ్లీ పూత వస్తుంది, అక్కడ బెరడు చీలితే వచ్చే ఏడాది కాయ పోయినట్టే. కాయ పగలగొట్టడానికి చెక్క సుత్తి వాడండి. కత్తితో కొడితే లోపల గింజ తెగుతుంది, తెగిన గింజలోకి బూజు దూరుతుంది, వేలు తెగడం సరేసరి. నల్లబడిన కాయలు, లోపల మొలకెత్తిన గింజలు ఉన్నవి పక్కన పడేయండి, జాలి పడొద్దు.

ఒక కాయలో సుమారు 30-40 గింజలు, చుట్టూ తెల్లటి తీపి గుజ్జు. ఈ గుజ్జే పులియబెట్టే పనంతా చేస్తుంది. చిల్లులున్న చెక్కపెట్టెలో గింజల్ని గుజ్జుతోనే పోసి, పైన అరటాకులు కప్పితే ముందు ఈస్ట్ గుజ్జులోని చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది, తర్వాత బాక్టీరియా వచ్చి ఆ ఆల్కహాల్‌ను వెనిగర్ పులుపుగా మారుస్తుంది, ఆ క్రమంలో పెట్టె లోపల 45-50 డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడికీ పులుపుకీ గింజ చచ్చిపోతుంది, లోపలి కణాల గోడలు విరిగి రసాలు కలుస్తాయి, వగరు తగ్గుతుంది, తర్వాత వేయించినప్పుడు చాక్లెట్ వాసన వచ్చేందుకు కావాల్సిన సరుకు అప్పుడే తయారవుతుంది. అంటే చాక్లెట్ రుచి సగం ఈ పెట్టెలోనే పుడుతుంది. అందుకే పులియబెట్టని గింజను ఎండబెట్టి వేయిస్తే ఆ వాసన రాదు.

క్రియోలో రకానికి రెండు మూడు రోజులు చాలు, ఫొరాస్టెరో, ట్రినిటారియో రకాలకి 5 నుంచి 7 రోజులు పడుతుంది. రెండో రోజు దాటాక ఒకసారి, ఆ తర్వాత రోజుకో రెండు రోజులకో ఒకసారి అడుగువి పైకి, పైవి అడుక్కి తిరగేయాలి. ఒక థర్మామీటర్ కొనండి, మీరు కొనే మొట్టమొదటి సామాను అదే కావాలి. మూడో రోజుకి కూడా 40 డిగ్రీలు దాటలేదంటే ఏదో తేడా ఉంది.

ఆ తేడా చాలాసార్లు ఒక్కటే, గింజలు చాలకపోవడం. ఒక ఇంటి కాయలు ఒక బకెట్‌లో వేస్తే వేడి పుట్టదు, పుట్టినా నిలవదు, గింజ పుల్లబడి బూజు పడుతుంది. యాభై కిలోలకి తగ్గకుండా పచ్చి గింజలు ఒకేచోట ఉంటే పని తేలిక. తక్కువైతే మందపాటి గోనెసంచులు చుట్టి, చిన్న పెట్టెలో, వేడి బయటికి పోకుండా చూసుకోవాలి. కాబట్టి అందరూ ఒకేరోజు కోసి, ఒకేరోజు పగలగొట్టి, ఒకే పెట్టెలో పోయండి. సంఘం పెట్టుకోవడానికి లోన్లూ సబ్సిడీలూ కాదు, అసలు కారణం ఇదే. ఒంటరిగా ఏ ఇంటికీ కుదరని పని ఇది.

ఆరబెట్టడం తొందరపడే పని కాదు. ఏడు నుంచి పది రోజులు, పల్చగా పరిచి, రోజుకి చాలాసార్లు కలుపుతూ, రాత్రి కప్పుతూ. మొదటిరోజే మండుటెండలో పెడితే పైపెంకు గట్టిపడి పులుపు లోపలే ఉండిపోతుంది. తేమ 7 శాతం దగ్గరికి రావాలి, 8 దాటి ఉంటే సంచిలో బూజు ఖాయం. మీటర్ లేకపోతే గుప్పెట్లో పట్టి నొక్కండి, గలగలమని చిట్లిన చప్పుడు రావాలి. రోడ్డు మీద ఆరబోయకండి. వాన వస్తోందని పొగమంట మీద మాత్రం ఎప్పుడూ ఆరబెట్టకండి, ఆ పొగవాసన చాక్లెట్ దాకా వెంట వస్తుంది. కోకో గింజ పక్కవాసనని ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి కిరోసిన్, ఉల్లిపాయలు, పురుగుమందు ఉన్న గదిలో సంచులు పెట్టకండి, నేలకి ఎత్తుగా చెక్కల మీద పెట్టండి.

తర్వాత కోత పరీక్ష. వంద గింజలు లెక్కపెట్టి ఒక్కొక్కటీ నిలువుగా కోసి చూడండి. లోపల గోధుమరంగులో, పగుళ్లతో ఉంటే బాగా పులిసింది. ఊదారంగు అయితే సగమే పులిసింది. పలకలా బూడిదరంగులో గట్టిగా ఉంటే అసలు పులియలేదు. బూజువి, పురుగువి వేరే లెక్క. ఈ అంకెలు నోటుబుక్కులో బ్యాచ్ నంబరు పక్కన రాయండి. పెద్ద కొనుగోలుదారులు 300 గింజలు కోసి చూస్తారు, వాళ్లకన్నా ముందు మీకే తెలిసి ఉంటే బేరం దగ్గర తల వంచక్కర్లేదు.

ఎంత పోస్తే ఎంత వస్తుంది

ఇక్కడ చాలామంది అంచనా తప్పుతారు. పది కిలోల ఎండు గింజ కావాలంటే సుమారు 250 కాయలు కావాలి, అంటే పాతిక కిలోలకి పైనే పచ్చి గింజ. వేయించి పొట్టు తీస్తే ఏడున్నర, ఎనిమిది కిలోల పప్పు మిగులుతుంది. దానికి 70 శాతం చాక్లెట్ (అంటే వందకి డెబ్బై పాళ్లు కోకో) కొలతలో చక్కెర సుమారు మూడుంపావు కిలోలు కలిపితే 11 కిలోల దాకా చాక్లెట్. 50 గ్రాముల బార్లు చేస్తే లెక్కకి 220, గ్రైండర్‌కి అంటుకున్నదీ విరిగినదీ రుచి చూసినదీ పోను 200 అనుకోండి. మీ తోటల్లో నెలకి ఎన్ని కాయలు పండుతాయో అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటే పెద్ద మిషన్ అవసరమా లేదా అన్నది మీకే తేలిపోతుంది. చాలాసార్లు అవసరం ఉండదు.

వేయించడం 120-140 డిగ్రీల మధ్య, 20 నుంచి 30 నిమిషాలు. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడు, సన్నమంట, చెయ్యి ఆపకుండా కలపడం. వెనిగర్ వాసన పోయి కేకు కాలుతున్న వాసన వచ్చాక, పెంకులు చిటపటమన్నాక దింపేయాలి. ఇది రుచి కోసమే కాదు, ఆరబోసిన గింజ మీద ఉండే సాల్మొనెల్లా లాంటి క్రిములు చచ్చేదీ ఈ అడుగులోనే. అందుకే వేయించని గింజ వైపు ఒకటి, వేయించిన గింజ వైపు ఇంకొకటి, రెండు గదులు లేకపోతే కనీసం రెండు బల్లలు, రెండు చేటలు, రెండు గుడ్డలు పెట్టుకోండి. వేయించని గింజలు ఎత్తిన చేత్తో వేయించిన పప్పు ముట్టుకోకూడదు. తనిఖీకి ఎవరో వస్తారని కాదు, మీ దగ్గర తిని ఒక్క అతిథికి కడుపునొప్పి వచ్చినా ఊరంతా మూసుకోవాల్సి వస్తుంది.

బార్ కన్నా ముందు అమ్మగలిగినవి

నూరిన ముద్దను ఉండలుగానో కడ్డీలుగానో చుట్టి ఆరబెడితే అదే సరుకు. సెయింట్ లూసియా, గ్రెనడా లాంటి కరీబియన్ దీవుల్లో ఇలాంటి కోకో కడ్డీలనే తురిమి, దాల్చినచెక్క, జాజికాయ వేసి మరిగించి కోకో టీ అని తాగుతారు. దీనికి టెంపరింగ్ (చాక్లెట్ మెరిసేలా, టక్కున విరిగేలా లెక్కప్రకారం వేడిచేసి చల్లార్చడం) అక్కర్లేదు, అచ్చు అక్కర్లేదు, గరుగ్గా ఉన్నా తాగేవాడికి తప్పు అనిపించదు. వేయించి చిదిపిన పప్పును చిన్న ప్యాకెట్లుగా అమ్మవచ్చు. పెట్టె కింద కారే తీపి రసాన్ని మొదటి కొన్ని గంటల్లో శుభ్రమైన గిన్నెలో పట్టి చల్లగా ఇస్తే అతిథులు రెండో గ్లాసు అడుగుతారు. కానీ అది ఆ రోజే, అక్కడే తాగాలి, సీసాలో పోసి ఇంటికి పంపొద్దు, దారిలో పొంగుతుంది. కాయ పెంకులు ఎరువుకి, కానీ రోగం పట్టినవి ఎరువు గుంటలో వేయకండి, దూరంగా పాతిపెట్టండి. అన్నట్టు, కోకోలో ఉండే థియోబ్రోమిన్ కుక్కలకి విషం, ఆరబోసిన చోట ఊరకుక్కలు తిరగకుండా చూసుకోండి.

అతిథి రెండు గంటలు

రెండు గంటలు చాలు. నాలుగు గంటల ప్రోగ్రాం పెట్టిన చోట మూడో గంటకి అందరూ ఫోన్లు చూసుకుంటారు. ఒక్కసారికి ఎనిమిది, పది మందికి మించొద్దు, అంతకన్నా ఎక్కువైతే వెనకవాళ్లకి వినపడదు, ముందువాళ్లు మొక్కలు తొక్కుతారు.

నా అనుభవంలో ఉపన్యాసం ఎవరికీ గుర్తుండదు, చేతులతో చేసిందే గుర్తుంటుంది. ముందు చెట్టు దగ్గరికి తీసుకెళ్లి కాండం మీద చిటికెనవేలి గోరంత పువ్వును చూపించండి. ఇంత చిన్న పువ్వు అంత పెద్ద కాయ అవుతుందంటే నమ్మరు, దానికి ఐదారు నెలలు పడుతుందని చెప్పండి. దీన్ని ఫలదీకరించేది తేనెటీగ కాదు, ఆకుల చెత్తలో పుట్టే దోమకన్నా చిన్న ఈగ అని చెప్పి, అందుకే మేం తోట నేల ఊడ్చేయం అని చూపిస్తే చెత్తగా ఉందేంటి అనుకున్నవాళ్లే ఫొటో తీసుకుంటారు. తర్వాత సుత్తి వాళ్ల చేతికివ్వండి, కాయ వాళ్లనే పగలగొట్టనివ్వండి, గుజ్జు చప్పరించమనండి, గింజ కొరకొద్దని చెప్పండి (ఎవరో ఒకరు కొరుకుతారు, మొహం వంకర పెడతారు, అందరూ నవ్వుతారు, అదీ ప్రోగ్రాంలో భాగమే). పెట్టె మూత తీసి ఆవిరి మీద చెయ్యి పెట్టనివ్వండి. ఆ వేడి నిప్పు లేకుండా వచ్చిందని తెలిసినప్పుడు వాళ్ల కళ్లు పెద్దవవుతాయి చూడండి, మీ టూర్ అక్కడే గెలుస్తుంది.

ఆ తర్వాత రెండు పళ్లాలు పెట్టండి. ఒకదాంట్లో పులియబెట్టకుండా ఆరబెట్టి వేయించినవి, ఇంకోదాంట్లో పులిసినవి. ఏది ఏదో చెప్పకుండా రుచి చూడమనండి. ఈ ఒక్క ఆట ఆడాక మీ కోకో మామూలు కోకో కన్నా ఎక్కువ ధర ఎందుకో ఎవరికీ వివరించక్కర్లేదు. అక్కడి నుంచి మూకుడు, చేట, రోలు, ఆఖర్న కప్పు. అమ్మే బల్ల కప్పు పక్కనే ఉండాలి, గేటు దగ్గర కాదు. కప్పు చేతిలో ఉన్నవాళ్లు కొంటారు, బండి తాళం చేతిలో ఉన్నవాళ్లు కొనరు.

కథ చెప్పాలనుకుంటే నిజమైనవే చాలినన్ని ఉన్నాయి. ఈక్వడార్‌లోని సాంతా అనా లా ఫ్లోరిడా అనే చోట 5,300 ఏళ్ల నాటి పాత్రల్లో కోకో ఆనవాళ్లు దొరికాయని 2018లో ప్రకటించారు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ చెట్టుకి థియోబ్రోమా అని పేరు పెట్టాడు, గ్రీకులో దేవతల ఆహారం అని అర్థం. ఘనాలో టెటె క్వార్షీ అనే ఆయన 1879లో తెచ్చి నాటిన కోకో తోటను మాంపాంగ్‌లో ఇప్పటికీ జనం చూసొస్తారు. మీ ఊరికి కోకో ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో ముసలివాళ్లని అడిగి రాసుకుంటే ఇంకా మంచిది. టూరిస్టుల కోసం లేని పురాణం అల్లకండి, ఏదో ఒకరోజు తెలిసినవాడు వస్తాడు.

కాయలు లేని నెలల్లో ఏం చేయాలని అడుగుతారు. ఎండు గింజలు దాచి ఉంచితే వేయించడం దగ్గర నుంచి మిగతా సగం ఎప్పుడైనా చూపించవచ్చు. కానీ బుక్ చేసుకునేటప్పుడే "ఈ నెలలో చెట్టు మీద కాయలు తక్కువ" అని చెప్పేయండి. చెప్పి పిలిస్తే సంతోషంగా వస్తారు, వచ్చాక తెలిస్తే మోసపోయామనుకుంటారు.

ఊరు ఒప్పుకోవాలి

దీని గురించి సంఘాలు మాట్లాడుకోవు, తర్వాత గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. అతిథులు మీ తోటలోకే కాదు, మీ వీధిలోకీ వస్తున్నారు. పక్కింటావిడ గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటుంటే ఫొటో తీస్తారు. ఆవిడకి ఇందులో రూపాయి రాదు. కాబట్టి మొదటి అతిథి రాకముందే ఊళ్లో కూర్చుని మాట్లాడండి: వారంలో ఏ రోజులు, ఏ దారిలో, ఎక్కడికి రాకూడదు, ప్రతి టికెట్లో ఎంత శాతం ఊరి పనికి వెళ్తుంది, ఆ డబ్బుతో ఏం చేస్తారు. ఫొటోకి అడిగి తీయాలి, పిల్లల ఫొటోలు తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే, పిల్లల చేతికి డబ్బూ చాక్లెట్లూ ఇవ్వకూడదు. ఈ రూల్స్ బోర్డు మీద రాసి పెట్టండి, నడక మొదలయ్యే ముందు నవ్వుతూ చెప్పండి. కోపంగా చెబితే బెదిరిపోతారు, చెప్పకపోతే మీరే ఇబ్బంది పడతారు.

సంఘంలో కూడా వంతులు వేసుకోండి. చలాకీగా మాట్లాడే ఒక్కరే ప్రతిసారీ గైడ్‌గా నిలబడితే మిగతావాళ్లు గిన్నెలు కడుగుతూ మిగిలిపోతారు, ఆరు నెలల్లో సంఘం రెండు ముక్కలవుతుంది. గైడ్‌కీ గిన్నెలు కడిగినవాళ్లకీ గంటకి ఒకే రేటు ఇవ్వమని నా సలహా. దీని మీద వేరే అభిప్రాయాలున్నాయి, నేను మాత్రం మార్చుకోలేదు.

మరుగుదొడ్డి శుభ్రంగా, నీళ్లతో, లోపల గడియతో ఉండాలి. ఇంత చిన్న విషయం రాయాలా అనిపించవచ్చు, కానీ అతిథులు రెండోసారి రాకపోవడానికి ఇదీ ఒక కారణం. చేతులు కడుక్కునే చోటు, సబ్బు, ప్రథమ చికిత్స పెట్టె, దగ్గర్లోని ఆసుపత్రికి బండి ఎవరిదో ముందే అనుకుని ఉండటం, ఇవన్నీ ఒక్క పూటలో అయ్యే పనులు. బీమా దొరికితే తీసుకోండి. కుండపోతగా వాన పడితే కార్యక్రమం రద్దు, అడ్వాన్సు వెనక్కి లేదా ఇంకో రోజు, ఈ మాట బుకింగ్ మెసేజ్‌లోనే ఉండాలి.

ట్రావెల్ ఏజెంట్లు వస్తారు. మంచివాళ్లూ ఉన్నారు. కమిషన్ ఎంత, డబ్బు ఎప్పుడు ఇస్తారు, ఎంతమందిని తెస్తారు, ధర ఎవరు నిర్ణయిస్తారు, ఇవి కాగితం మీద లేకుండా ఒక్క బస్సు కూడా ఒప్పుకోకండి. నలభై మందిని ఒకేసారి తెస్తానంటే వద్దనే ధైర్యం ఉండాలి, లేదా పదేసి మందిని నాలుగు తోటలకి పంచాలి.

ఇంతకుముందు చేసినవాళ్లు

కోస్టారికా తలమంకా ప్రాంతంలో బ్రిబ్రి తెగ ఉంది. వాళ్ల నమ్మకంలో కోకో చెట్టు ఒకప్పుడు స్త్రీ, అందుకే కర్మకాండల్లో కోకో కాచి ఇచ్చే హక్కు ఆడవాళ్లదే. 1970ల చివర్లో మొనీలియా అనే బూజుతెగులు వచ్చి అక్కడి కోకోను దాదాపు తుడిచిపెట్టింది, మగవాళ్లు అరటి తోటల్లో కూలికి వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు యోర్కిన్ అనే నది ఒడ్డు ఊళ్లో ఆడవాళ్లు 1985లో స్టిబ్రాపా అనే సంఘం పెట్టి, చేతిపనులతో మొదలుపెట్టి, పడవలో వచ్చే అతిథులకి కోకో చేసి చూపించడం దాకా వచ్చారు. నాకు ఇందులో నచ్చేది తెలివైన అమరిక. తెగులు వచ్చినా అతిథి ఉన్నాడు, అతిథి రాని ఏడాది పంట ఉంది. కరోనా ఏళ్లలో టూరిజం మీదే బతికిన ఊళ్ల పరిస్థితి చూశాక రెండు కాళ్ల మీద నిలబడటం అంటే ఏంటో అందరికీ తెలిసింది.

ఈక్వడార్ నాపో ప్రాంతంలో కిచ్వా కుటుంబాలు కోకోను ఒంటరి పంటగా వేయరు. చాక్రా అనే పెరటి తోటలో అరటి, కర్రపెండలం, మందుమొక్కలు, కలప చెట్ల మధ్య వేస్తారు, ఆ తోట బాగోగులు ఎక్కువగా ఆడవాళ్లవే. ఈ చాక్రా పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడే కల్లారి అనే సహకార సంఘం సొంత పేరుతో చాక్లెట్ అమ్ముతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఆల్టమీరా దగ్గర చోకాల్ అనే చిన్న ఫ్యాక్టరీని ఊరి ఆడవాళ్లే నడుపుతారు, చూడ్డానికి వచ్చినవాళ్లకి తయారీ చూపిస్తారు. వీళ్లని అచ్చంగా కాపీ కొట్టమని కాదు, వీళ్లెవరూ తమ దగ్గర లేనిదాన్ని చూపించట్లేదన్నది గమనించమని.

ఇక బార్

గింజ నిలకడగా వస్తోంది, అతిథులు ఇంటికి తీసుకెళ్లడానికి ఏదైనా అడుగుతున్నారు అన్నప్పుడు బార్ మొదలుపెట్టండి. నాలుకకి ఇసుకలా తగలకుండా ఉండాలంటే రాతి గ్రైండర్‌లో ఒక రోజు నుంచి రెండు రోజులు తిరగాలి. ఒక్క చుక్క నీళ్లు కూడా పడకూడదు, పడితే మొత్తం గట్టి ముద్దగా బిగుసుకుపోతుంది, నీళ్లున్న ఎసెన్సులు కూడా వేయకండి. టెంపరింగ్ అంటే భయపడతారు కానీ అది ఉష్ణోగ్రతల ఆట. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, మనకి కావాల్సింది ఐదోది మాత్రమే, మెరుపూ టక్కున విరిగే గుణమూ దానివే. డార్క్ చాక్లెట్‌ని 45-50 డిగ్రీలకి కరిగించి, కలుపుతూ 27-28కి చల్లార్చి, మళ్లీ 31-32కి వేడిచేసి అచ్చులో పోయాలి. తేడా వస్తే తెల్లమచ్చలు వస్తాయి, తినడానికి ప్రమాదమేమీ లేదు, మళ్లీ కరిగించి చేయవచ్చు. గది చల్లగా లేకపోతే తెల్లవారుజామున చేయండి. నిల్వ 16-18 డిగ్రీల దగ్గర, తేమ లేనిచోట. ఇది కుదరని వేడి ప్రాంతమైతే బార్ మీద మొండిపట్టు పట్టకుండా కడ్డీలూ పప్పూ అమ్ముకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

లేబుల్ మీద పదార్థాలు, బరువు, తేదీ, బ్యాచ్ నంబరు, పాలు గానీ గింజపప్పులు గానీ తగిలే అవకాశం ఉంటే ఆ మాట ఉండాలి. మీ దేశపు ఆహార లైసెన్సు అమ్మకానికి ముందే తీసుకోండి. బయటి దేశాలకి పంపాలని ఉంటే గింజల్ని ల్యాబులో కాడ్మియం అనే విష లోహం పరీక్షకి పంపండి. కొన్ని నేలల్లో, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల, ఈ లోహం గింజలోకి ఎక్కువగా చేరుతుంది. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి 50 శాతం, ఆపైన కోకో ఉన్న చాక్లెట్‌లో కిలోకి 0.80 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. ఆర్డర్ వచ్చాక ఈ సంగతి తెలిస్తే సరుకంతా మీ దగ్గరే మిగిలిపోతుంది.

డబ్బు తీసుకుని మొదటి అతిథిని పిలవకముందు ఒక ట్రయల్ పెట్టండి. పక్క ఊరి నుంచి మిమ్మల్ని అంతగా ఎరగని ఎనిమిది మందిని పిలవండి, మీ పిల్లల్లో ఒకరికి గడియారం ఇచ్చి ఏ చోట ఎన్ని నిమిషాలు పట్టిందో రాయించండి. ఎక్కడ కాలు జారారు, ఎక్కడ పక్కవాళ్లతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, కప్పులో ఎంత మిగిల్చారు, ఇవన్నీ రాసుకోండి, బాగుందా అని మాత్రం అడగకండి, బాగుందనే అంటారు. నడక ఎక్కడెక్కడ సాగదీసినట్టుందో అక్కడ కోసేయండి. రెండో ట్రయల్ వాన పడే రోజున పెట్టండి.